చౌటుప్పల్ నాకాలో బగారా అన్నం

1949 చలికాలంలో నన్ను చౌటుప్పల్ గల్లా నాకాకు వేశారు. పోలీసు చర్య జరిగి అప్పటికి ఏడాది దాటింది. నల్లగొండ గుట్టల్లో పోరాటం మాత్రం ఇంకా ఆగలేదు. రోడ్డు మీద మిలిటరీ లారీలు తిరుగుతూనే ఉండేవి. నా హోదా సప్లై శాఖలో గిర్దావరు, ఇప్పటి మాటలో చెప్పాలంటే ఇన్‌స్పెక్టరు. నా కింద ఇద్దరు జవాన్లు. రోడ్డుకు అడ్డంగా ఒక వెదురు గడ, పక్కన రేకుల షెడ్డు, షెడ్డులో ఒక బల్ల, చేతులున్న కుర్చీ ఒక్కటి. ఆ కుర్చీలో నేను తప్ప మరొకరు కూర్చోకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆ నియమం నేను సొంతంగా పెట్టుకున్నది. చిన్న వయసు, కొత్త ఉద్యోగం, నియమావళి మొత్తం కంఠతా వచ్చు. అన్నం వండటం మాత్రం రాదు.

గల్లా నాకా అంటే ధాన్యం తనిఖీ చేసే చోటు. అక్కడి పని ఏమిటో ఇప్పటివాళ్లకు కొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో పట్నంలో రేషను, జిల్లాల్లో లెవీ, అంటే పంటలో సర్కారుకు తప్పక అమ్మాల్సిన వాటా. వడ్లు, బియ్యం, జొన్నలు, సజ్జలు, వాటి పిండి అన్నిటినీ కలిపి గల్లా అనేవారు. పర్మిటు లేకుండా గల్లా పట్నంలోకి పోకూడదు. ప్రయాణికుడు దారిలో తినేందుకు కొద్దిగా తెచ్చుకోవచ్చు. అంతకు మించితే జప్తు. జప్తు చేస్తే ఇద్దరు పంచుల, అంటే సాక్షుల ఎదుట పంచనామా రాయాలి, సంచికి సీలు వేయాలి, గోదాముకు పంపాలి. అక్కడ దాన్ని మిగతా గల్లాతో కలిపి రేషను దుకాణాలకు పంచేవారు. పంచులుగా సంతకం పెట్టమంటే బస్సులో ఉన్నవాళ్లందరికీ ఒక్కసారిగా నిద్ర వచ్చేది.

ఒకరోజు పొద్దున నల్లగొండ నుంచి వచ్చిన సర్కారు బస్సును ఆపాం. జవాను ఖాసిం లోపలికి పోయి ఒక పెద్ద మూట కిందికి దించాడు. మూట వెనకే ఒక జంట దిగింది. ఆయన పేరు రాంచంద్రయ్య, హాలియా దగ్గరి రైతు. ఆమె సత్తెమ్మ. ఇద్దరికీ నలభై దాటి ఉంటాయి. ఇద్దరూ తిండిపుష్టి గల మనుషులని చూడగానే తెలుస్తుంది. అప్పటికి ఆ ప్రాంతంలో సాగర్ కాలువ ఊసే లేదు. బావుల కింద పండే కాస్త వరిని కంటికి రెప్పలా చూసుకునేవారు. మూట విప్పితే సన్నబియ్యం, ముత్యాల్లా ఉన్నాయి. ఎంత లేదన్నా పదిమందికి సరిపోతాయి. పర్మిటు లేదు.

పట్నంలో ఎవరికిస్తారని అడిగాను. నా లెక్క ప్రకారం అది చాటుమాటు బేరం.

"ఎవ్వరికియ్యం సారూ," అంది సత్తెమ్మ. "మేమే తింటం. హోటల్ల బిర్యాని తినేతందుకు పోతున్నం."

"హోటల్లో తినేవాళ్లకు బియ్యం ఎందుకమ్మా?"

"హోటలోళ్లు రేషన్ బియ్యమే వండుతరంట గద. ముక్కవాసన బియ్యంతోని బిర్యాని ఏం బాగుంటది? గీ బియ్యం ఇచ్చి, గీటితోని వండుమని చెప్త."

ఖాసిం మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది కానీ హోదా అడ్డొచ్చింది. ఎవరి వడ్లు వాళ్లు పోసి ఎవరి బియ్యం వాళ్లు తెచ్చుకోవడానికి బిర్యానీ హోటలు ఏమన్నా వడ్లగిర్నీయా? ఆమె సంచిలో ఇంకా ఏముందో చూశాను. నెయ్యి గిన్నె, గుడ్డలో మూటగట్టిన దాల్చినచెక్క, లవంగాలు, షాజీర, తడిగుడ్డలో చుట్టిన పుదీన, ఎల్లిపాయ, ఉల్లిగడ్డలు. పట్నం మసాలా మీద కూడా నమ్మకం లేదట. బిర్యానీ తినడానికి పట్నం పోతూ మాంసం తప్ప అన్నీ ఇంటినుంచి తెచ్చుకున్న మనిషిని నా మొత్తం ఉద్యోగంలో ఆమెనొక్కదాన్నే చూశాను.

నియమం చెప్పాను. దారి తిండికని ఒక చిన్న మూట ఉంచుకోవచ్చు, మిగతాది జప్తు. రాంచంద్రయ్య వెంటనే ఒప్పుకున్నాడు. "పోనియ్యే, బియ్యం పోతే పోయినయి. బస్సు ఎక్కు," అన్నాడు భార్యతో. ఆయనకు కావలసింది పట్నం. డ్రైవరు అప్పటికే హారను మీద చెయ్యి వేసి ఉన్నాడు.

సత్తెమ్మ కదల్లేదు. "జప్తు జేసి ఏం జేస్తరు సారూ?" అని అడిగింది. గోదాముకు పంపుతామన్నాను.

"గోదాంల?"

"మిగతా బియ్యంతో కలుపుతారు."

ఆమె మొహం చూడాల్సింది. బియ్యం పోతాయంటే చలించని మనిషి, కలుపుతారనగానే గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో! నా బియ్యం తీస్కపోయి ఆ పురుగుల బియ్యంల కలుపుతరా? నారు పోసిన కాడినుంచి కన్నపిల్లలెక్క చూస్కున్న. సచ్చినా కలుపనియ్య!" అంది. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు. పంచులుగా రమ్మంటే రాని నిద్రమొహాలన్నీ అప్పుడు లేచాయి.

డ్రైవరు ఇంక ఆగనన్నాడు. బస్సు పోయింది. మళ్లీ బస్సు మధ్యాహ్నం దాటాకే. రోడ్డు మీద దుమ్ము, మధ్యలో మూట, మూట మీద చేతులు పెట్టుకుని ఆమె. రాంచంద్రయ్య తలకున్న రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"సారూ, వండిన అన్నం గూడ గల్లేనా?" అని ఆమె అడిగింది. గొడవకు అడిగిన మాట కాదు, నిజంగానే తెలుసుకోవడానికి అడిగింది. నాకు కంఠతా వచ్చిన నియమావళిని మనసులో మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. ధాన్యం ఉంది, బియ్యం ఉంది, పిండి ఉంది, నూకలు కూడా ఉన్నాయి. అన్నం లేదు. అన్నం గల్లా కాదు అని చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

"అట్లయితె ఈడనే వండుత. మీరందరు తినుండ్రి. కడుపులకు పోతె పోనీ, గోదాంలకైతె పోవద్దు," అని ఆమె కొంగు నడుముకు చెక్కింది.

అప్పుడు మాత్రం రాంచంద్రయ్య అడ్డం వచ్చాడు. అంతదాకా మెత్తగా ఉన్న మనిషి గొంతు పెంచాడు. "నువ్వు పొయ్యి ముట్టొద్దు!"

ఆమె గయ్యిమంది. ముట్టకపోతే ఎవరు వండుతారని అడిగింది. ఆయన నన్ను పక్కకు పిలవబోయి, మళ్లీ ఏమనుకున్నాడో అందరి ముందే చెప్పాడు. రజాకార్ల దాడులు జరిగిన ఏడాది ఊరు ఊరంతా గుట్టల్లో తలదాచుకున్నదట. పొగ కనబడితే జాడ దొరుకుతుందని పొయ్యి ముట్టించేవారు కాదు. ఎప్పుడో వండిన జొన్నగట్క, గట్టిపడి రాయిలా అయినది, అదే తినేవారు. పిల్లలకు పెట్టినాక మొగవాళ్లకు, ఆ తరువాత మిగిలితే ఆడవాళ్లకు.

"గప్పుడు గీమె నా పక్కన కూసోని, గిది వండుత, గది వండుత అని నోటితోనే వంట జేస్తుండె సాబ్. నాకు ఏడుపొచ్చింది. పానముంటే నిన్ను పట్నం తీస్కపోతనే, నువ్వు కుర్సీల కూసుంటే ఎవరో వండి ఉడుకుడుకు పెడ్తరు, మూడొద్దులు నువ్వు పొయ్యి మొహమే చూడొద్దు అని మాటిచ్చిన. గా మాట కోసమే వచ్చిన. ఈ రోడ్డు మీద మళ్ల గీమెతోనే పొయ్యి ఊదిపిస్తే నేనేం మొగోన్ని?"

సత్తెమ్మ ఆయన వైపు చూసి, "గదంతా ఊరోళ్లకు చెప్పాల్నా?" అంది. ఆ మాటలో కోపం లేదు.

చివరకు రాంచంద్రయ్యే వండాలని తేలింది. ఆయన జన్మలో పొయ్యి ముట్టించలేదు. ఖాసిం ముట్టించాడు గానీ అది చాయ్ వరకే. రెండో జవాను నీళ్లు మోస్తానని ముందే తప్పించుకున్నాడు. షెడ్డు వెనక మూడు రాళ్లు పెట్టాం. దగ్గర్లోని పోలీసు క్యాంపు నుంచి పెద్ద వంట గంజు అడిగి తెచ్చాం. సత్తెమ్మ నిలబడి చెబుతుంటే, కుర్చీలో కూర్చుంటేనే మాట నిలబడుతుందని రాంచంద్రయ్య పట్టుబట్టాడు. అందరూ నా వైపు చూశారు. నేను కుర్చీ బయటికి తెచ్చి వేశాను.

ఆమె చేతులున్న కుర్చీలో కూర్చుంది. నా మీద అధికారం చెలాయించిన పై అధికార్లను చాలామందిని చూశాను, ఆమెను మించినవాళ్లు తక్కువ. "నెయ్యి కాగనియ్యి. ఆగమాగం జేయకు. ఉల్లిగడ్డ గట్ల గడ్డలు గడ్డలు కోస్తరా, పశువులకు ఏస్తున్నరా? ఓ ఖాసిం బిడ్డా, ఏడ్సుడు తర్వాత, ముందు కొయ్యి." ఎసరు మరగకముందే రాంచంద్రయ్య బియ్యం ఎత్తబోతే కుర్చీలోంచి సగం లేచింది. "కూసో!" అని ఆయన గరిటె చూపించాడు. ఆమె కూర్చుంది గానీ కాళ్లు మాత్రం పొయ్యి వైపే ఉన్నాయి. నాకు కూడా పని చెప్పింది. "సారూ, మీరు ఊకెనే నిలబడ్డరు గద, జర పుదీన తుంపుండ్రి." గిర్దావరు హోదాలో నేను పుదీన తుంపాను.

ఎసరు మరిగింది. బియ్యం పడ్డాయి. మాంసం లేకుండా మసాలాతో వండే బగారా అన్నం అది. దాల్చినచెక్క, పుదీన, నెయ్యి వాసన రోడ్డు పొడుగునా పోయింది. ఎదురుగా వచ్చిన ఎడ్లబండి ఒకటి ఏ తనిఖీ లేకుండానే ఆగింది. అడుగున కొంచెం మాడింది. రాంచంద్రయ్య ఆ సంగతి చెప్పలేదు, ఆమెకు ముక్కు ఉంది కాబట్టి చెప్పనవసరం లేకపోయింది. చింతపండు పిసికి పచ్చిపులుసు చేశాం. దాన్ని మా ముగ్గురి ఉమ్మడి నేరంగా చెప్పుకోవచ్చు.

మోదుగాకు విస్తరి పరిచాక సత్తెమ్మ అలవాటుగా గంటె అందుకోబోయింది. అందరికీ వడ్డించి, తరువాత తాను తినడం ఆమె ఎరిగిన పద్ధతి. రాంచంద్రయ్య గంటె వెనక్కి పెట్టుకున్నాడు. "ఇయ్యాల నువ్వే ముందు," అన్నాడు. నేను నా బల్ల తెచ్చి ఆమె ముందు వేశాను. ఆయన వడ్డించాడు, నేను పచ్చిపులుసు పోశాను, ఖాసిం నీళ్లు పెట్టాడు. పొగలు వస్తున్నాయి. హిందువులు, ముసల్మానులు ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే సంకోచించే కాలం అది. ముగ్గురం ఒక రైతు భార్య ముందు వరుసగా నిలబడి ఆమె నోటివైపు చూస్తున్నాం.

ఆమె ఒక ముద్ద తింది. నెమ్మదిగా నమిలింది.

"ఉప్పెయ్యలె," అంది.

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. నిజమే, ఎవరమూ వేయలేదు. రాంచంద్రయ్య ఉప్పు కోసం పరుగెత్తబోయాడు. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తల దించుకుని రెండో ముద్ద కలుపుకుంది.

"ఉడుకుడుకుగున్నది," అంది. "శాన ఉడుకుగున్నది." ఆ విస్తరిలో మెతుకు మిగల్చలేదు.

తరువాత మేం తిన్నాం. బండివాడు తిన్నాడు. క్యాంపు నుంచి గంజు కోసం వచ్చిన జవాను తిన్నాడు. మధ్యాహ్నం బస్సు వచ్చేసరికి గంజు ఖాళీ. మొగుడూ పెళ్లాలు నియమం ప్రకారం అనుమతించిన చిన్న మూటతో బస్సెక్కారు. ఆ మూటను హోటల్లో ఇస్తుందని నాకు అనుమానమే లేదు.

మూడు రోజుల తరువాత తిరుగు బస్సులో దిగి పలకరించారు. సత్తెమ్మ మొహం కళకళలాడుతోంది. చార్మినారు దగ్గర బిర్యానీ, పొద్దున నహారీ, ఇరానీ హోటల్లో చాయ్, బిస్కెట్లు, మళ్లీ బిర్యానీ. నీళ్లు కూడా తాను ముంచుకోలేదని రెండుసార్లు చెప్పింది. చిన్న మూట అట్లాగే ఉంది. "హోటలాయన చూసి, అమ్మా, దాచుకో, మా కాడ బియ్యం ఉన్నయన్నడు," అంది కొంచెం చిన్నబుచ్చుకుని. పట్నం నుంచి బయటికి పోయే గల్లా మీద మాకు అధికారం లేదు కాబట్టి మూట విప్పలేదు.

ఉండబట్టలేక అడిగాను. హోటలు బిర్యానీ బాగుందా, మా నాకా బగారా బాగుందా?

"గిదేం అడుగుడు సారూ? పట్నందే బాగున్నది," అంది తడుముకోకుండా. "మా ఇంటాయన ఇంకా నేర్వాలె. గందుకే నెలకోపారి వండిపియ్యాలని అనుకున్న. నేను కుర్సీల కూసుంట."

రాంచంద్రయ్య నావైపు జాలిగా చూశాడు. "సాబ్," అన్నాడు, "గా పొద్దు బియ్యం జప్తు జేసినా బాగుండు."

ఆ తరువాత ముప్ఫై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. ఎన్నో నియమావళులు మారాయి, నాకాలు ఎత్తేశారు. ఆ రోజు నేర్చుకున్నవి మాత్రం మారలేదు. ఏ నియమాన్నైనా అది ఎక్కడ మొదలవుతుందో కాదు, ఎక్కడ ఆగిపోతుందో చదవాలి. బియ్యం మీద సర్కారు అధికారం ఎసరు మరిగేదాకానే. ఆ తరువాత అధికారం కుర్చీలో కూర్చున్నవాళ్లది, వడ్డించేవాడు చేయగలిగింది ఉప్పు చూసుకోవడమే.