వెనక మూత మీది గుర్తు

ఫోన్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ భూతద్దం అంటారు. పని చేసేటప్పుడు కంటికి బిగించుకున్న అద్దం తీయడం మరచిపోయి భోజనానికి కూర్చునే మనిషి. ఒకసారి అలాగే బస్సెక్కి, పక్క సీట్లో పెద్దాయన్ని హడలగొట్టాడు కూడా.

మెట్ల కింద మిగిలిపోయిన జాగా ఆయన కొట్టు. ఒక బల్ల, రెండు స్టూళ్ళు, పొగ పోవడానికి పాత కంప్యూటరులోంచి పీకిన చిన్న ఫ్యాను. గోడ వారగా డబ్బాల నిండా చచ్చిపోయిన ఫోన్లు. ఒకదాని తెర ఇంకోదానికి, దాని స్పీకరు మరోదానికి. కంపెనీ సర్వీస్ సెంటరులో “ఈ మోడల్‌కి పార్టులు రావండీ, కొత్తది తీసుకోండి” అనిపించుకున్నవాళ్ళంతా తిన్నగా ఈ మెట్ల కిందికే వస్తారు.

పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా మర్యాదతోనే వచ్చింది. బజారులో దొరికే వెనక మూతలు బోసిగా ఉంటాయి, కంపెనీ గుర్తు ఉండదు. అలాంటి మూత వేసి ఇస్తే జనం మొహం చిన్నబుచ్చుకునేవారు. నలుగురిలో మాట్లాడేటప్పుడు దాన్ని అరచేత్తో కప్పుకునేవారు. అది చూడలేక, శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సులో కంపెనీ గుర్తుతో వెండిరంగు స్టిక్కర్లు వేయించాడు. అడిగినా అడక్కపోయినా మూత మార్చిన ప్రతి ఫోనుకూ ఒకటి అతికించి, చొక్కా అంచుతో తుడిచి, “కంపెనీదే” అని చేతిలో పెట్టేవాడు. పిల్లలకు తల దువ్వి బడికి పంపినట్టే అనుకున్నాడు తప్ప, అది అబద్ధమని ఆయనకు తోచనే లేదు.

పక్క సందులో బట్టలు కుట్టే అక్క ఫోనుకూ అలాగే ఒకటి అతికించాడు. ఆవిడకు గొంతులో జబ్బు చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటినుంచి ఆవిడ ఫోనులో టైపు చేస్తుంది, ఫోను పైకి చదువుతుంది. ఆ గొంతుకు కోపతాపాలు లేవు. “హుక్కులు పట్టకపోతే తప్పు జాకెట్టుది కాదు వదినా” అన్నా, “కూర్చోండి” అన్నా ఒకటే వరస. దెప్పిందో మర్యాద చేసిందో తేల్చుకోలేక వచ్చినవాళ్ళు నవ్వేసి కూర్చునేవారు.

బుధవారం పొద్దున ఆవిడ వచ్చి, స్పీకరు గరగరలాడుతోందని చెప్పి, ఫోను ఇచ్చి వెళ్ళింది. మధ్యాహ్నానికి రమ్మన్నాడు. పదకొండింటికి ముగ్గురు వచ్చారు: కంపెనీ తరఫు లాయరమ్మ, కోర్టు పంపిన అధికారి, ఒక కానిస్టేబులు. నకిలీ సరుకు ఉందేమో చూసి, ఉంటే సీలు వేయమని ఉత్తర్వు.

ఇలాంటి రోజు వస్తుందని భూతద్దం ఏళ్ళ తరబడి ఉపన్యాసం తయారుచేసి పెట్టుకున్నాడు. లేచి నిలబడి మొదలుపెట్టాడు.

“కొన్నవాడి వస్తువు కొన్నవాడిదండీ. దాన్ని విప్పి బాగుచేసుకునే హక్కు...”

“చేసుకోండి. మేం కాదన్లేదు” అంది లాయరమ్మ.

“పాత ఫోన్ల తెరలు తీసి వేస్తే...”

“అవి అసలైనవేగా. అదీ కాదన్లేదు.” బల్ల సొరుగులోంచి స్టిక్కర్ల కాగితం పైకి తీసింది. “ఇదేంటి?”

ఉపన్యాసంలో స్టిక్కర్ల ఊసే లేదు.

“అందంగా ఉంటుందనండీ” అన్నాడు.

కానిస్టేబులు గోడవైపు తిరిగి నవ్వాడు. అధికారి కలం ఎత్తి, “అలాగే రాసుకోనా?” అని అడిగి, అలాగే రాసుకున్నాడు.

స్టిక్కరు గుర్తు ఉన్న ఫోన్లన్నీ ఒక్కొక్కటే అట్టపెట్టెలోకి వెళ్ళాయి. కుట్టుపని అక్క ఫోను కూడా వెళ్ళింది. సరిగ్గా అప్పుడే ఆవిడ వచ్చింది. పెట్టెలోకి తొంగిచూసి, కొంగున ఉన్న సుద్దముక్కతో బల్ల మీద ‘నా ఫోన్’ అని రాసింది.

“రసీదు ఇస్తామమ్మా” అన్నాడు అధికారి. “కేసు తేలాక తీసుకోవచ్చు. ఏడాది పట్టచ్చు, రెండేళ్ళు పట్టచ్చు.”

“ఆవిడ మాటలు అందులోంచే వస్తాయండీ” అన్నాడు భూతద్దం. గొంతు సంగతి చెప్పాడు.

లాయరమ్మ చూపు తిప్పుకుంది. “ఇంకో ఫోన్లో పెట్టుకోవచ్చు కదా?”

“ఇంకోటి కొనగలిగితే నా దగ్గరికెందుకొస్తుందండీ?”

లాయరమ్మ బయటికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి వచ్చింది. ఆ ఒక్క ఫోను ఇచ్చేస్తామంది. కానీ గుర్తు ఇక్కడే గీకేయాలి. అది దొంగ గుర్తని తెలిసే అతికించానని, సొంతదారుకు తెలియదని ఆయన రాసివ్వాలి. ఇకమీదట ఈ కంపెనీ ఫోను ఏదీ విప్పనని కూడా రాయాలి. ఆ వీధిలో పది ఫోన్లుంటే తొమ్మిది ఆ కంపెనీవే.

ఈలోగా కబురు ఇంటికి చేరినట్టుంది, భార్య ఫోను చేసింది.

“పెన్ను ముట్టుకోకండి. అన్నయ్య వకీలుతో మాట్లాడుతున్నాడు. మీకసలే కాదనడం రాదు.”

“ముట్టుకోన్లే” అని పెట్టేసి, పెన్ను తీసుకున్నాడు.

రాసింది సొంతదారు ఎదుట చదివి వినిపించాలన్నాడు అధికారి. సంతకం కన్నా అదే కష్టమైంది. “ఈ గుర్తు కంపెనీది కాదు. తెలిసీ కంపెనీదేనని చెప్పాను” అని చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. కుట్టుపని అక్క ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది.

బ్లేడుతో గుర్తు గీకాడు. అధికారి అనుమతితో స్పీకరు మార్చి, మర బిగించి ఇచ్చాడు. ఆవిడ టైపు చేసింది, చెరిపింది, మళ్ళీ చేసింది.

“గుర్తు పెట్టమని నేనడిగానా తమ్ముడూ” అంది ఫోను.

“లేదక్కా.”

“ఇది మళ్ళీ పాడైతే ఎవరు విప్పుతారు.”

భూతద్దం తన సంతకం వైపు చూశాడు.

“సర్వీస్ సెంటరుంది కదమ్మా” అంది లాయరమ్మ, గొంతు తగ్గించి.

అక్క ఫోను ఆమె వైపు తిప్పింది. “వాళ్ళు కొత్తది కొనమన్నారు.”

కానిస్టేబులు పెట్టెకు లక్క అంటించే పనిలో పడ్డాడు.

“కింద పడేయకక్కా” అన్నాడు భూతద్దం.

ఆవిడ తలూపింది. ఫోను రెండు చేతులతో పట్టుకుని, కొట్టు ముందు మురుగు కాలవ మీద ఊగే బండను చూసి చూసి దాటి, మెల్లగా సందు మలుపు తిరిగింది.