లేబుల్ మీద బొట్టు

"...నల్లది ముట్టొద్దు, అంచు వట్టుకోవాలె, నడిమిట్ల కాయిదం మీద చెయ్యి వడితే ఏం గాదు అని నువ్వే జెప్పినవు. నేను నల్లది ముట్టిన్నా? కాయిదం మీదనే పెట్టిన."

"చెయ్యి వడితే ఏం గాదన్న. పసుపు నీళ్ళు వడితే ఏం గాదన్ననా?"

"కారుకు పెట్టినం. లాప్‌టాప్‌కు పెట్టినం. పోరి కట్టెకు పెట్టినం. దీనికొక్కదానికి పెట్టకుంటె అదేం పూజ?"

పోరి కట్టె అంటే ఐర్లండు ఆడపిల్లల ఆట కమోగీలో రమ్య బంతిని కొట్టే కర్ర, హర్లీ. పదమూడేళ్ళ రమ్య అప్పుడు మెట్ల మీద కూర్చుని ఆ కర్రకే కొత్త పట్టీ చుట్టుకుంటూ వంటింట్లో అమ్మానాన్నల మాటలు వింటోంది. కర్ర వెడల్పు చివర పొద్దున పెట్టిన కుంకుమ బొట్టు అలాగే ఉంది. దానికి ఏమీ కాలేదు. అయిందల్లా నాన్న దాచుకున్న ఏడంగుళాల పాత గ్రామఫోను రికార్డుకే. గులాబీ రంగు లేబుల్ మీద, గాయని పేరుకు కాస్త పైన, తడిపిన పసుపు రూపాయి బిళ్ళంత పాకి, దాని మధ్య కుంకుమ ఇంకింది.

"ఇట్స్ ఫ్రీ ఆన్ ద ఫోన్, డాడ్," అంది రమ్య మెట్ల మీది నుంచి.

కొండల్ రావు జనగామ వైపు మనిషి. ఐర్లండులోని కార్క్‌లో ఎం.ఎస్. చదవడానికి వచ్చి అక్కడే ఉద్యోగం చూసుకుని ఉండిపోయాడు. చదువుకునే రోజుల్లో శనివారాలు ఒక చారిటీ షాపులో పనిచేసేవాడు. జనం ఇచ్చేసిన బట్టలు, గిన్నెలు, పుస్తకాలు వేరుచేసి ధర చీటీలు అంటించడం అతని పని. ఆ షాపు చూసుకునే పెద్దావిడ, పాత రికార్డులు గీతలు పడ్డాయో లేదో చూడడానికని వెనక గదిలో ఒక్కొక్కటే పెట్టి వినేది. నిజానికి ఆవిడకు వినడమే ఇష్టం. అక్కడే కొండల్ రావు మొదటిసారి సోల్ పాటలు విన్నాడు. అమెరికా నల్లజాతి గాయకుల పాటలు. ఒక గొంతు ముందు నడిచి ఏదో అడుగుతుంది, వెనక గొంతులు అందుకుని బదులిస్తాయి. అతనికది పరాయిగా అనిపించలేదు. చిన్నప్పుడు ఒగ్గు కథలో వంతవాళ్ళు చేసిందీ అదే.

అప్పటి నుంచి కొంటున్నాడు. అలాగని ఇల్లు నింపేయలేదు. రెండు పెట్టెలు, అంతే. ఒక రికార్డుకు ఇంటిల్లిపాదీ బయట తినే ఖర్చుకు మించి పెట్టకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. అందుకని డబ్బుతో కాకుండా కళ్ళతో కొనడం నేర్చుకున్నాడు.

కొనేవాళ్ళు డబ్బు ఇచ్చేది పాటకు కాదు. అదే పాటను కొత్తగా అచ్చువేసిన రికార్డు పన్నెండు యూరోలకు దొరుకుతుంది. రమ్య అన్నట్టు ఫోన్‌లో ఊరికే వస్తుంది. వాళ్ళు ఇచ్చేది మొదటి అచ్చుకు. అమెరికాలోని డెట్రాయిట్‌లో ఏదో చిన్న కంపెనీ కొన్ని వందలు వేయించి, అమ్ముడుపోక మూతపడి ఉంటుంది. ఏళ్ళు గడిచాక ఇంగ్లండు ఉత్తరాన డాన్సు హాళ్ళలో ఎవరో ఆ పాట పెడతారు. అక్కడి నుంచి వెతుకులాట మొదలవుతుంది. ఎన్ని మిగిలాయి, ఎవరి దగ్గరున్నాయి, వాటి మీద గీతలెన్ని అని లెక్కలు పెట్టుకునే మనుషులు దేశదేశాల్లో ఉన్నారు.

అలాంటిది ఒకటి కొండల్ రావుకు దగ్గర్లోని ప్యాసేజ్ వెస్ట్ అనే ఊళ్ళో దొరికింది. డెట్రాయిట్ నుంచి తిరిగొచ్చి అక్కడ చనిపోయిన ఒక ముసలామె ఇల్లు ఖాళీ చేస్తూ ఆమె మేనల్లుడు సామానంతా వాకిట్లో పెట్టి అమ్మాడు. భక్తి పాటల మధ్య ఈ రికార్డు కనిపించింది. ఆ గాయని జీవితంలో చేసింది అదొక్కటే. చివరి గాడి దగ్గర సూదితో గీసిన అంకెలు చూసి, ఇది దొంగ అచ్చు కాదని కొండల్ రావు నిర్ధారించుకున్నాడు. ఒక్కటే తీసుకుంటే ఆ మేనల్లుడు అనుమానపడతాడేమోనని అక్కర్లేని మరో ఆరు కూడా కొన్నాడు. ఒక్కోటి ఒక యూరో. ఆ ఆరూ ఇప్పటికీ మెట్ల కింద ఉన్నాయి.

దాన్ని అమ్ముతానన్నది అతనే. సుధేష్ణ అడగలేదు.

సుధేష్ణ రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున ఏడింటికి షిఫ్టు. వాళ్ళుండే క్యారిగలైన్ నుంచి ఆ వేళకు సరిపడే బస్సు లేదు. సిటీకైతే బస్సులున్నాయి గానీ, ఇంట్లో ఉన్న ఒక్క కారు కొండల్ రావుతోనే సిటీలోని ఆఫీసుకు వెళ్తుంది. అందుకని రెండేళ్ళుగా ఆమె పక్క వీధిలో ఉండే కమల కారులో వెళ్తోంది. కమల వాళ్ళు ఈ నెలాఖరుకు దూరంగా లిమరిక్ నగరానికి మారిపోతున్నారు. సుధేష్ణకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది, మూడోసారికి. కారే లేదు. వసంతంలో ఇల్లు కొన్నప్పుడు ఖాతాలు అడుగంటాయి. కారు దొరక్కపోతే షిఫ్టు మార్చమని అడగాలి. మార్చకపోతే ఉద్యోగం మానాలి. ఆ ఉద్యోగం కోసం ఆమె ఏడేళ్ళు ఇంట్లో కూర్చున్నాక మళ్ళీ పుస్తకాలు పట్టింది.

కొండల్ రావు వాటర్‌ఫర్డ్‌లో ఉండే డోనల్ అనే పాత రికార్డుల వ్యాపారికి ఫొటోలు పంపాడు. డోనల్ మూడు వేల నాలుగు వందల యూరోలు ఇస్తానన్నాడు. క్రాస్‌హేవన్‌లో రిటైరైన ఒక టీచరు తన చిన్న కారును మూడు వేల మూడు వందలకు ఇస్తానని, నెలాఖరు దాకా ఎవరికీ చూపించనని సుధేష్ణకు మాటిచ్చింది. అంతా కుదిరింది. ఆ మధ్యలో దసరా వచ్చింది.

ప్రతి ఏడూ ఆయుధ పూజకు సుధేష్ణ హాల్లో బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి అందరి పనిముట్లు పెడుతుంది. కూరగాయల కత్తి, ఆమె ల్యాబు బ్యాడ్జి, లాప్‌టాప్, హర్లీ. ఆ రికార్డుల జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. అవి ఆయన ఆట వస్తువులని ఆమె లెక్క. ఈసారి అమ్మబోయే ఆ ఒక్కదాన్ని తనే కవర్లోంచి తీసి, అతను చెప్పినట్టే అంచులు పట్టుకుని, గాళ్ళకు వేలు తగలకుండా, కాగితం మీద శ్రద్ధగా బొట్టు పెట్టింది.

"నా కారు ఇప్పుడు గీడనే ఉన్నది గదా. అందుకే పెట్టిన," అంది ఆ సాయంత్రం, గొడవ సగం చల్లారాక.

తడిగుడ్డతో తుడిస్తే లేబుల్ మీది అచ్చు లేస్తుంది. పసుపు కాగితానికి పట్టాక పోదని ల్యాబులో పనిచేసే ఆమెకు వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు వెలుతురులో మళ్ళీ ఫొటో తీసి, జరిగింది రాసి డోనల్‌కు పంపాడు. ధర మాట ఎత్తకుండా, శనివారం వచ్చి చూస్తానని డోనల్ జవాబిచ్చాడు. అది చదివినప్పుడు కొండల్ రావుకు లోపల కాస్త తేలికగా అనిపించింది. ఎందుకో తనకు తెలుసు. అందుకే ఎవరితోనూ అనలేదు.

డోనల్‌కు అరవై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, కొంచెం వంగి నడుస్తాడు. గుమ్మం దగ్గర వరసగా ఉన్న చెప్పులు చూసి తన బూట్లూ విప్పాడు. ఎడమ మేజోడుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. సుధేష్ణ టీ, గరిజెలు పెట్టింది. రెండు తిని, బాగున్నాయని మూడోది కూడా తిని, వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళ సందులు కూడా తుడుచుకుని వచ్చాడు. అప్పుడు గానీ రికార్డు ముట్టుకోలేదు.

కిటికీ దగ్గర నిలబడి దాన్ని వాల్చి చూశాడు. వెలుతురు నల్లటి గాళ్ళ మీద జారుతుంటే ఊపిరి బిగబట్టినట్టు చూశాడు. భూతద్దం తీసి చివరి గాడి అంకెలు చదివాడు. తల ఆడించాడు. లేబుల్‌ను చివరికి చూశాడు, చాలాసేపు.

అదేమిటని అతను అడిగితే సుధేష్ణే చెప్పింది. ఏ వస్తువు మనకు అన్నం పెడుతుందో దానికి ఏడాదికొకసారి దండం పెట్టుకుంటామని, ఇది తనకు కారు ఇవ్వబోతోంది కనక ముందుగానే పెట్టానని. డోనల్ నవ్వలేదు. తన కుర్రతనంలో ఇంగ్లండు హాళ్ళలో పాటలు వేసేవాళ్ళు, పక్కవాడికి పాట పేరు తెలియకూడదని లేబుల్ మీద కాగితం అంటించి దొంగపేర్లు రాసేవాళ్ళని చెప్పాడు. అలాంటివి ఎన్నో తాను గోరుతో గీకి తీశాడట. బాల్‌పెన్నుతో తమ పేర్లు, ప్రేమించిన అమ్మాయిల పేర్లు రాసుకున్నవాళ్ళూ ఉన్నారట. దండం పెట్టిన రికార్డును మాత్రం చూడడం ఇదే మొదలన్నాడు.

తర్వాత ధర చెప్పాడు. రెండు వేల రెండు వందలు. బేరమాడడానికి అన్న మాట కాదని, తన దగ్గర కొనేవాడు పాట వినకముందే లేబుల్ చూస్తాడని, అంతకు మించి పెడితే తన చేతి డబ్బు పోతుందని వివరించాడు. మిగతా పెట్టెల్లో ఏమైనా ఉన్నాయేమో చూస్తానని అవి రెండూ ఓపిగ్గా తిరగేశాడు. వినడానికి చాలా మంచివని మెచ్చుకున్నాడు. అన్నీ కలిపినా రెండు వందలు దాటవని కూడా అన్నాడు.

సుధేష్ణ భర్త మొహం చూసింది.

"సంబురమైంది గదా నీకు," అంది తెలుగులో, గొంతు తగ్గించి.

"ఏం లేదు."

"అయింది. పదహారేండ్ల సంది సూస్తున్న నిన్ను. అబద్ధమాడుడు కూడ సక్కగ రాదు నీకు."

డోనల్ టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. మొగుడూ పెళ్ళాల మాటలు ఏ భాషలో ఉన్నా తెలిసిపోతాయి.

"కొంచెం అయింది," అన్నాడు కొండల్ రావు.

"కానియ్. నాకేం కోపం లేదు. పసుపు పెట్టింది నేనే. గని నాకు కారు గావాలె. కమల పోతున్నది. గదొక్కటి యాదుంచుకో."

యాదుంది అన్నట్టు తల ఊపాడు. రెండు వేల రెండు వందలకు కారు రాదు. అలాగని ఎనిమిది నెలలు ఆగి మిగతాది కూడబెడదామంటే క్రాస్‌హేవన్ టీచరు ఆగదు, ఫ్యాక్టరీ అసలే ఆగదు. ఇవన్నీ అతనికి తెలుసు. ఆ డబ్బుకు ఒప్పుకుని, తక్కువైంది ఆఫీసులో ఎవరినైనా అడగాలి. లేదా ఒప్పుకోకూడదు. ఈ రెండు దారుల మధ్యే అతని బుర్ర తిరుగుతోంది.

ఎలాగూ ఇంత దూరం వచ్చాను, ఒకసారి వినవచ్చా అని డోనల్ అడిగాడు. కొనేదైనా మానేదైనా వినకుండా తేల్చడం తన పద్ధతి కాదన్నాడు.

కొండల్ రావు రికార్డును ప్లేయర్ పళ్ళెం మీద పెట్టి సూదిని దించాడు. మొదట కాస్త చిటపట, తర్వాత డప్పు వరస, దాని మీద ఆ అమ్మాయి గొంతు. ఇరవై ఏళ్ళుంటాయేమో పాడేటప్పటికి. వదిలి వెళ్ళినవాడి మీద కోపంగా మొదలుపెట్టి, నడుమకు వచ్చేసరికి కోపం ఎటో పోయి, ఉత్త హుషారు మిగిలింది. వెనక గొంతులు ఆమెను ఏడిపిస్తున్నట్టు అందుకున్నాయి. డోనల్ చిల్లు మేజోడు నేల మీద తాళం వేసింది. రమ్య మెట్ల మీది నుంచి సగం దాకా దిగివచ్చి అక్కడే కూర్చుంది. సుధేష్ణ కప్పులు తీయడానికి లేచినదల్లా ఒక కప్పు చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. పసుపు బొట్టు నిమిషానికి నలభై ఐదు చుట్ల వేగంలో ఎర్రటి గీతతో చిన్న వలయంలా తిరిగింది.

పాట రెండున్నర నిమిషాల్లో అయిపోయింది. పాపం చిన్న పాట అంది సుధేష్ణ. అప్పట్లో రేడియోవాళ్ళు అంతకంటే పెద్దవి వేసేవాళ్ళు కాదని డోనల్ చెప్పాడు.

కొండల్ రావు సూది ఎత్తాడు. రికార్డును అంచులు పట్టుకుని తీసి, కాగితపు కవర్లో పెట్టి, పెట్టెలో దాని చోట నిలబెట్టాడు. డోనల్‌తో, మీకు దారి ఖర్చు దండగ చేసినందుకు క్షమించాలని, దీన్ని అమ్మడం లేదని ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత సుధేష్ణ వైపు తిరిగాడు. జేబులోంచి కారు తాళం తీసి ఆమె ముందు, బల్ల మీద పెట్టాడు.

"సోమారం సంది కారు నువ్వు తీస్కపో. ఇన్సూరెన్సుల నీ పేరు ఎక్కిద్దాం. నేను బస్సుల పోత."