రద్దుకు రాసిన తొమ్మిది భాగాలు

1974లో తిరువూరులోని ఒక చిన్న గ్రంథాలయంలో గ్రంథపాలకుడిగా చేరాను. మరుసటి మిరప కోతలనాటికి ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అప్పుడే గ్రంథాలయ కమిటీ నాకొక పని అప్పగించింది. మా దగ్గరున్న తొమ్మిది భాగాల మాంత్రికుడి సాహస నవల మీద ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారు ఫిర్యాదు ఇచ్చారు. ప్రతి భాగంలోనూ తలలు నరకడమే, కథానాయకుడు అబద్ధాలకోరు, ఆడవాళ్లు మొదటినుంచి చివరిదాకా ఏడుస్తూనే ఉంటారు అని. ఉంచాలో రద్దు చేయాలో నేను రిపోర్టు రాయాలి. రద్దంటే పుస్తకాన్ని రిజిస్టరులోంచి కొట్టేసి, చిత్తు కాగితాల కింద తీసేయడం. విచారణ తేలేదాకా వాటిని ఎవరికీ ఇవ్వకూడదు.

అప్పటికే ఇంటికి వెళ్లిన ఆరోది తప్ప మిగతా ఎనిమిదీ చదివాను. హెడ్మాస్టరుగారు చెప్పినవన్నీ నిజాలే. పైగా మూడో భాగంలో చచ్చిన మాంత్రికుడు అయిదో భాగంలో ఏ వివరణా లేకుండా ప్రత్యక్షమవుతాడు. ప్రతి అధ్యాయం మొదట్లోనూ జరిగిన కథంతా మళ్లీ చెబుతాడు రచయిత. విసుగెత్తిపోయింది. అయినా, దాచడమెందుకు, ఎగిరే కోట వచ్చినచోట అన్నం చల్లారిపోతున్నా లేవలేదు. ఇష్యూ రిజిస్టరు చూస్తే మాత్రం కొన్నాళ్లుగా వీటిని తీసుకెళ్తున్నది ఒక్కరే, వినగడప అనే ఊరినుంచి వచ్చే రాహేలమ్మ. ఒక్కరి కోసం ఇంత రభస ఎందుకని రద్దుకే చిత్తుప్రతి రాసేశాను.

మర్నాడు ఆమె ఆరో భాగం తెచ్చి ఏడోది అడిగింది. రూలు చెప్పాను.

"అయ్యో, అదేంటి సార్! రాజకుమారి ఇంకా గుహలోనే ఉందండి. కల్లంలో వాళ్లందరికీ నేనేం చెప్పాలి?"

వాళ్లెవరని అడిగాను. మిరపకాయల తొడిమలు తీసే కూలీలట. ఈమె పైకి చదువుతుంటే ఈమె వంతు కాయలు కూడా వాళ్లే తీస్తారట. చేతుల మంట మరిచిపోయేది ఆ కాసేపేనంది. జరిగిన కథే మళ్లీ మళ్లీ వస్తుంది కదా, విసుగు లేదా అన్నాను.

"అది లేకపోతే ఎలాగండి? నిన్న వచ్చినవాళ్లు ఇవాళ రారు, ఇవాళ కొత్తవాళ్లొస్తారు. మాంత్రికుడు ఎలా బతికాడో మేమే తలా ఒకటి చెప్పుకుంటాం. తలలు నరికేచోట పేజీ తిప్పేద్దామంటే వాళ్లు ఊరుకోరు సార్!"

నాకు సిగ్గేసింది. చిత్తుప్రతి చించేసి, ఏడో భాగం ఆమె చేతిలో పెట్టాను. కొత్త రిపోర్టులో దోషాలన్నీ అలాగే ఉంచి, కల్లం సంగతి కూడా రాశాను.

మీటింగులో అధ్యక్షులు బల్లమీది పుస్తకాలు చూసి, ఏడోది ఏదన్నారు. వినగడపలో ఉందండీ, ఇంకా పూర్తి కాలేదు అన్నాను. విచారణలో ఉన్న పుస్తకం ఎవరిని అడిగి ఇచ్చావని ఆయన గద్దించారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఫిర్యాదుదారుగా మీటింగుకు వచ్చిన హెడ్మాస్టరుగారు మాత్రం నా రిపోర్టు రెండోసారి చదివి, తాను పట్టిన తప్పుల్లో ఒక్కటి కూడా ఈ అబ్బాయి దాచలేదు, కాబట్టి మిగతాదీ నమ్ముతాను, ఉంచండి అన్నారు.

పుస్తకాలు ఉంచారు. నా ప్రొబేషన్ ఆర్నెల్లు పొడిగించారు. రూలు తప్పాను కాబట్టి అది న్యాయమే. ఇష్యూ రిజిస్టరులో ఉండేది పుస్తకం మోసుకెళ్లినవాళ్ల పేరు. దాన్ని చదువరుల లెక్క అనుకోవడం నా పొరపాటు. ఆ తరువాత నా సర్వీసులో ఏ పుస్తకాన్నయినా, దాన్ని తీసుకెళ్లినవాళ్లను అడగకుండా రద్దుకు రాయలేదు.