గంట స్తంభం మీది డిష్

2006 వానాకాలంలో, అరకు అవతల కొండమీది ఊళ్లో చిన్న ఆసుపత్రి నడిపే నర్సు మార్తమ్మగారు అరకు దిగివచ్చి ఎస్టీడీ బూత్ నుంచి విశాఖలో ఉన్న నాకు ఫోన్ చేశారు. వేడి అంబలి మీద పడి ఒళ్లు కాలిన పాప ఆమె దగ్గర ఉంది. రోజూ సాయంత్రం పుండు ఫొటోలు కంప్యూటర్లో పంపితే, కట్టు కొనసాగించాలో పాపను కిందికి దింపాలో అరకు డాక్టరు చెబుతారు. ఇప్పుడు వైర్‌లెస్ లింకు నిలవడం లేదు, ఫొటో సగంలో ఆగిపోతోంది. ఆ గతుకుల దారిలో పాపను జీపెక్కించడానికి ఆమెకు మనసొప్పలేదు. లింకులు బాగుచేసే పని నాది కాబట్టి మర్నాడే బయల్దేరాను.

విశాఖలో ఉదయం ఏడులోపు కదిలే కిరండూల్ పాసింజరుకు టికెట్టు ఇరవై చిల్లర. టైడా దాటాక వరసగా సొరంగాలు, వాటి మధ్య మబ్బులో మునిగిన లోయలు. ఎన్నిసార్లు చూసినా నేను నోరు తెరుచుకునే చూస్తాను, నాకేం సిగ్గులేదు. పదకొండు దాటాక అరకులో దిగి సర్వీసు జీపెక్కాను. దారిలో ఒక రిసార్టులో కొత్తగా వైర్‌లెస్ ఇంటర్నెట్ పెట్టారని డ్రైవరు చెప్పగానే దొంగ దొరికాడనుకున్నాను. సిగ్నల్ పోతే ముందు పక్కవాణ్ణి అనుమానించడం మా వృత్తిధర్మం.

ఆ ఊళ్లో సిల్వర్ ఓక్ చెట్లను మించిన ఎత్తు చర్చి గంట వేలాడే కలప స్తంభానికే ఉంది. అరకు వైపు గురిపెట్టిన మా వైర్‌లెస్ డిష్‌ను దానికే బిగించారు. ల్యాప్‌టాప్‌లో చూస్తే రిసార్టు నిజంగానే మా లింకు వాడే ఛానల్ మీద, అంటే అవే రేడియో తరంగాల మీద కూర్చుంది. ఛానల్ మార్చాను. పైకెక్కి, పక్కకు తిరిగి ఉన్న డిష్‌ను సరిచేసి బిగించాను. సిగ్నల్ బ్రహ్మాండంగా వచ్చింది. మార్తమ్మగారు పెట్టిన అన్నం తింటుంటే ప్రార్థన గంట మోగింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి సిగ్నల్ మళ్లీ పడిపోయింది. వానకు నాని స్తంభం అతుకులు వదులయ్యాయి, గంట ఊగినప్పుడల్లా అది అదిరి డిష్ జరిగిపోతోంది.

కొత్త ఇనుప స్తంభం విశాఖ నుంచి రావాలి, వానలు తగ్గాకే పాతాలి. ఆ మాట గంట కొట్టే యోహాను తాతతో నసుగుతూ చెప్పాను. రోడ్డు లేని రోజుల్లో వాళ్ల నాన్న భుజాన మోసుకొచ్చిన గంట అది. దింపమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన ఆసుపత్రి వైపు ఒకసారి చూశాడు.

"దింపేద్దాం బాబూ. దేవుడికి సెవుడు నేదు కదా, రైలుపట్టా ముక్క కొట్టినా ఇంటాడు."

నలుగురు తాళ్లు కట్టి దింపారు. ఆయన గంటను తువ్వాలుతో తుడిచి చర్చి లోపల పెట్టాడు. పట్టా ముక్కను పనసచెట్టుకు కట్టారు. నేను మళ్లీ పైకెక్కి డిష్‌ను సరిచేసి బిగించాను. సాయంత్రం ఫొటోలన్నీ ఆగకుండా వెళ్లాయి. పాపను కదపనక్కర్లేదని, అదే కట్టు కొనసాగించమని డాక్టరు జవాబు రాశారు. సాయంత్రపు ప్రార్థన వేళకు యోహాను తాత అలవాటుగా స్తంభం దగ్గరికే వెళ్లాడు. తాడు కోసం చెయ్యి పైకి లేచింది. ఒక్క క్షణం నిలబడి, పనసచెట్టు వైపు నడిచాడు. ఆ బొంగురు చప్పుడుకే జనమంతా వచ్చారు.

అరకు అందం గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం అరకు అంటే తాడు కోసం గాల్లోకి లేచిన ఆ చెయ్యే. చలికాలంలో ఇనుప స్తంభం తీసుకెళ్లి డిష్‌ను దానికి మార్చాను, గంట తన చోటికి చేరింది. ఆ రోజు తాడును యోహాను తాత ముందుగా ఆ పాప చేతికే ఇచ్చాడు. అటు వెళ్లేవారికి ఒక్క మాట: రైల్లో కుడివైపు కిటికీ పట్టుకోండి. పైకి చేరాక పక్కవాడి ఛానల్‌ను తిట్టే ముందు, మీ డిష్‌ను మోస్తున్నదాన్ని ఒకసారి చేత్తో ఊపి చూడండి.