ముందు దాన్ని అడుగుదాం

మా చిన్నాయన కొడుకు దేన్నీ ఊరికే నమ్మేవాడు కాదు. "అన్నా, జర ఆగు. ముందు దాన్ని అడుగుదాం," అనేవాడు. బాపుకు వాడి ఓపికంటే ముచ్చట. నాకు ఒళ్లు మంట.

మంథనిలో బాపు మూసేసిన ఫొటో స్టూడియోలో, ఎన్నడో తీసి కడగకుండా వదిలేసిన ఫిలిం రీలొకటి దొరికింది. అందులో పోయిన మా అవ్వ ఉందన్నాడు బాపు. అమ్మను నేను అవ్వ అనేవాణ్ని. అలమరలోని పాత డెవలపర్ మందుతోనే కడిగేద్దామన్నాను. వాడు ఆగమన్నాడు. పనికిరాని ఫిలిం ముక్కను పట్టపగటి వెలుగులోనే ఆ మందులో ముంచాడు. మందు బతికుంటే ముక్క నల్లబడాలి. పడలేదు. సీలు విప్పని మందు పొడి పొట్లం వెతికి, నీళ్లలో కలిపి ముక్కను ముంచితే బొగ్గులా నల్లబడింది.

బాపు నావైపు తిరిగాడు. "సూసినవా? వాడు మందును గూడ అడిగి పని జేస్తడు. నువ్వు నన్ను గూడ అడగవు."

రీలు కడిగితే అవ్వ మసకమసకగా నవ్వుతూ వచ్చింది. నన్ను కన్న అవ్వ ఒళ్లో కూర్చున్నది కూడా వాడే. నేను పక్కన కొంగు పట్టుకొని నిలబడ్డాను.

వాడిప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. ఆ ఫొటో ప్రింటు వెయ్యరా అని బాపు అడిగినప్పుడల్లా, మందు పాడైందంటాను. ముక్క ముంచి చూసేవాడు ఇక్కడ లేడు కదా.