దారి చీలిన చోట రిబ్బన్

ఈ మాటని ఏళ్ళ తరబడి మోస్తున్నాను. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు, నాతో కొండలెక్కినవాళ్ళకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం అడగకండి.

విజయవాడలో మాదొక నడక బృందం. ఆదివారం తెల్లవారుతూనే గవర్నర్‌పేటలో కలుసుకుని, వ్యానులో కొండపల్లి అడవికి వెళ్ళేవాళ్ళం. బృందాన్ని నడిపించే రామ్మోహన్ గారు అందరికన్నా ముందు నడుస్తూ కొమ్మలకి ఎర్ర రిబ్బన్లు కట్టుకుంటూ పోతారు. ఆఖర్న వచ్చే మనిషి వాటిని విప్పి జేబులో వేసుకోవాలి. అడవిలో మన చెత్త మిగలకూడదని నియమం. ఆ ఆఖరి మనిషి ఎవర్నీ దాటి ముందుకి పోకూడదన్నది ఇంకో నియమం. ఆ పని నాది. ముందువారం నేను కొన్ని విప్పడం మర్చిపోతే రామ్మోహన్ గారు అందరిముందూ "నిన్ను నమ్ముకుంటే అడవంతా తోరణాలే" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల కుతకుతలాడిపోయాను.

శివరాత్రి వెళ్ళిపోయింది. చలి శివశివా అంటూ పోయాక మన ఎండ సంగతి మీకు చెప్పాలా? ఆ రోజు కొండమీద ఆకు కదల్లేదు. పిట్ట అరుపైనా లేదు. ఎందుకో నాకు మొదట్నుంచీ బాగాలేదు.

ప్రసాదరావు గారు బృందానికి కొత్త. రిటైరైన లెక్కల మాస్టారు. పాపం, సరదాపడి కొత్త బూట్లు కొనుక్కొచ్చారు. కొత్త బూట్లతో కొండెక్కకూడదు, ముందు కొన్నాళ్ళు ఇంటి దగ్గర వేసుకు తిరగాలి. ఆ ముక్క ఆయనకి మేం చెప్పాల్సింది, చెప్పలేదు. దిగేటప్పుడు మడమలు బొబ్బలెక్కి ఒక బండమీద కూర్చుండిపోయారు.

"నువ్వు పదమ్మా. నేను మెల్లగా వస్తా."

"మిమ్మల్ని వదిలేసి ఎలా వెళ్తానండీ?"

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? రిబ్బన్లు ఉంటాయిగా."

"ఉంటాయండీ. కనపడకపోతే ఇంకాస్త ముందుకెళ్ళి చూడండి."

చూశారా ఏం చెప్పానో? దారి తెలియకపోతే ఉన్నచోటే ఆగాలి. నీడన కూర్చుని ఈల వెయ్యాలి. కొత్తవాళ్ళకి మొట్టమొదట నేర్పేది అదే. నేను సరిగ్గా దానికి విరుద్ధంగా చెప్పాను.

ఆయన్ని వదిలి నడిచాను. నిజం చెప్పాలంటే, హాయిగా నడిచాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కొమ్మ కనిపిస్తే ముడి విప్పడం, జేబులో పెట్టడం. దారి రెండుగా చీలేచోట రిబ్బన్ విప్పాక గానీ వెనక మనిషి ఉన్నాడని గుర్తురాలేదు. ఆగిపోయాను. మళ్ళీ కట్టడం ఎంతసేపు? ఎందుకు కట్టలేదు? కింద వ్యాను దగ్గర ఇడ్లీ పొట్లాలు విప్పుతూ అందరూ నవ్వుకోవడం వినిపిస్తోంది. ఇది ఉంచి వెళ్తే రామ్మోహన్ గారు మళ్ళీ తోరణాలంటారు. ఇంత చిన్నదానికా? అవును, ఇంత చిన్నదానికే. కుడిదారి స్పష్టంగానే ఉంది, చదువుకున్న మనిషి, వస్తార్లే అనుకున్నాను. జేబులో పెట్టేశాను.

ఆయన రాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది. ఫోను కలవలేదు. అందరూ అడిగితే, ఆయన కోసం రిబ్బన్లు ఉంచే వచ్చానన్నాను. వెతకడానికి బయల్దేరినప్పుడు అందరికన్నా ముందు నేనే పరిగెత్తాను. ఎంత మంచి పిల్లో అనుకున్నారట. నేను పరిగెత్తింది ఆయన కోసం కాదు. చీలిక దగ్గరికి ముందుగా చేరి, ఆ రిబ్బన్‌ని మళ్ళీ అదే కొమ్మకి కట్టాను. ఆ పైన మరికొన్ని కట్టాను. ముడులు గట్టిగానే పడ్డాయి.

వెనకే వచ్చిన రామ్మోహన్ గారు దాన్ని చూశారు. ఇక్కడ గుర్తు ఉండగా ఎడమకెందుకు పోతారని, అందర్నీ కుడిదారి పక్క పొదల్లో వెతకమన్నారు. ఎడమకి పోయి ఉంటారని అంతమందిలో తెలిసింది నాకొక్కదానికే. నోరు విప్పితే ఆయన దొరుకుతారు, నేను దొరికిపోతాను. విప్పలేదు. పొద్దు వాలాక మేకల కాపరులకి కనిపించారు, ఎడమవైపు ఎండిన వాగులో. ప్రాణం లేదు. వడదెబ్బ అన్నారు. మేం పొదలు వెతుకుతున్నప్పుడు ఇంకా బతికే ఉండొచ్చని కూడా అన్నారు.

ఆయన కంట్లో శుక్లం ఉందట. వేసవి వెళ్ళాక ఆపరేషన్ చేయిద్దామని భార్య ఆపారట. పెద్దకర్మ రోజున ఆవిడ నా చేతులు పట్టుకుని, తను ఆపకపోతే ఆయనకి ఆ రిబ్బన్ కనిపించేదని ఏడ్చారు. మీ తప్పేం లేదండీ అన్నాను. ఆ మాట అచ్చంగా నిజం. ఆవిడ దాన్ని ఓదార్పనుకున్నారు.

బృందం ఇప్పటికీ నడుస్తోంది. కొత్తవాళ్ళకి జాగ్రత్తలు చెప్పేది నేనే. సీసాలో నీళ్ళు సగమవగానే వెనక్కి తిరగండి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు వేరే ఉంచుకోండి, టోపీ మర్చిపోకండి, ఎవర్నీ ఒంటరిగా వదలకండి. ఆఖర్న, రిబ్బన్లు చూసుకోక ప్రాణం పోగొట్టుకున్న ఒక పెద్దాయన సంగతి చెబుతాను. అందరూ అయ్యో అంటారు. నా గొంతు తడబడదు. నన్ను చూసి నాకే భయమేస్తుంది. నేను చెప్పే అబద్ధాన్ని నేనూ నమ్మేశానా? లేదు. అలవాటు పడ్డాను, అంతే.

మొన్న తెలిసింది. ఆవిడకీ శుక్లాలు వచ్చాయట. చూపు సగానికి సగం పోయింది. ఆపరేషన్‌కి ససేమిరా అంటున్నారట. ఆయనకి దక్కనివ్వని చూపు తనకెందుకంటున్నారట.

అప్పట్నుంచి అన్నం సహించడం లేదు. ఆవిడ ఎదుట నిలబడే ధైర్యం నాకుందా? ఇప్పటికి లేదు. క్షమించమని అడిగే అర్హత అసలే లేదు. ఆవిడకి చెప్పాల్సింది ముందు మీకు చెబుతున్నాను. ఒకసారి బయటికొచ్చిన మాట మళ్ళీ లోపలికి పోదు కదా. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది.

ఆయన కళ్ళు బాగానే చూశాయమ్మా. అక్కడ రిబ్బన్ లేదు.