శీను చెక్కిన కుడి తొండం

నరసరావుపేటలో తలుపుల మీద బొమ్మలు చెక్కే మెషిన్ షాపు నాది. మొన్న నేనూ, ఎదురు షాపు శీనూ ఒకే వినాయకుడి త్రీడీ ఫైలు కొన్నాం. మెషిన్‌కి పనికొచ్చే ఫార్మాట్‌లోకి నేను జాగ్రత్తగా మార్చుకున్నా. శీను మార్చేటప్పుడు బొమ్మ అద్దంలోలాగా తిరగబడింది. వాడు చూసుకోకుండా అట్టాగే చెక్కేశాడు.

ఇవాళ వినుకొండ నుంచి ఒక బాబాయి వచ్చి నా తలుపు చూశాడు.

"ఇది అందరిళ్లల్లో ఉండే ఎడమ తొండమేగా అబ్బాయ్. ఎదురు షాపులో కుడి తొండం ఉంది, చానా మహిమంట."

"అక్కడ దీవించే చెయ్యి కూడా ఎడమదైంది, చూశావా బాబాయ్?"

"చెయ్యెవరు చూస్తారు?" అని రోడ్డు దాటాడు.

కడుపు మండిపోయింది. సాయంత్రం నుంచి నా ఫైలు కూడా అట్టాగే తిరగేయడానికి తంటాలు పడతన్నా. శీను ఏ బటన్ తప్పు నొక్కి ఉంటాడో తెలిసినోళ్లు చెప్పండి. వాణ్ణి మాత్రం అడగను.